క్లచ్చు మార్పించే ముందు
(రేడియో ప్రసంగ పాఠం)



"మోటారు సైకిలు మరమ్మతుల గొడవ మనకెందుకమ్మా?" అని మీలో కొందరు అనుకోవచ్చు. ఎందుకంటే, ఇవాళ కాలేజీకీ, ఆఫీసుకీ, ఆస్పత్రి డ్యూటీకీ గేర్ల బండి మీద వెళ్ళే ఆడపిల్లలు మన వీధుల్లోనే కనబడుతున్నారు. పోనీ, మనం నడపకపోయినా ఇంట్లో కొడుకో కూతురో "అమ్మా! క్లచ్చు పోయింది, మార్పించాలి, డబ్బులియ్యి" అన్నప్పుడు బీరువా తాళం తీసేది మనమే కదా! బండి దగ్గర వంకాయ కొంటే పుచ్చుందేమోనని తిప్పి తిప్పి చూస్తాం. మరి వేలు పోసి మార్పించే వస్తువు విషయంలో "మెకానిక్కు చెప్పాడు" అని ఊరుకోవడం ఏం సబబు? అందుకని ఈ రోజు చిన్న స్పోర్ట్సు బైకుల్లో క్లచ్చు అంటే ఏమిటి, ఏ భాగం ఎప్పుడు మార్చాలి, "ఇంకా మంచిది వేయిద్దాం" అన్న మాటలో నిజమెంత అనే సంగతులు ముచ్చటించుకుందాం.

చిన్న స్పోర్ట్సు బైకు అంటే ముందుకు వంగి కూర్చుని నడిపే బండి. మన దేశంలో ఈ తరహా బండిని కుర్రకారుకి బాగా అలవాటు చేసింది యమహా ఆర్15. అది 2008లో వచ్చింది. ఇంజను 149 సీసీ, ఆరు గేర్లు, నీళ్ళతో చల్లబడే ఏర్పాటు. 2018లో దాని మూడో రూపం 155 సీసీ ఇంజనుతో వచ్చింది. దానితోపాటు కొత్తరకం క్లచ్చు కూడా వచ్చింది. ఆ కొత్తరకం సంగతి తరవాత చెబుతాను. ముందు అసలు క్లచ్చు ఎందుకో చూద్దాం.

మీ ఇంట్లో కుట్టుమిషను ఉందా? బాబినుకి దారం చుట్టేటప్పుడు ఏం చేస్తాం? కుడివైపు చక్రం మధ్యనున్న మరను వదులు చేస్తాం. అప్పుడు చక్రం తిరుగుతూనే ఉంటుంది గాని సూది మాత్రం కదలదు. మళ్ళీ మర బిగిస్తే చక్రంతోపాటు సూదీ ఆడుతుంది. అదీ క్లచ్చే! తిరిగే దాన్ని ఆపకుండా, తిప్పించుకునే దాన్ని విడదీయడం, మళ్ళీ కలపడం, ఇదే దాని పని. మోటారు సైకిల్లో ఇంజను ఆగకుండా తిరుగుతుండగానే సిగ్నలు దగ్గర బండి నిలబడాలి, గేరు మార్చాలి, మళ్ళీ మెల్లగా కదలాలి. ఎడమచేతి లీవరు నొక్కితే విడిపోతుంది, వదిలితే కలుస్తుంది.

అయితే కుట్టుమిషనులో లాగా ఒక్కసారిగా కలిస్తే బండి గుర్రంలా ఎగిరి పడుతుంది. మెత్తగా కలవాలి. వింటూ వింటూనే ఒక చిన్న పని చేయండి. రెండు అరచేతులూ ఒకదానికొకటి ఆనించి గట్టిగా నొక్కండి. ఒక చెయ్యి జరిపితే రెండోది దానితోపాటే వస్తుంది. నొక్కుడు కాస్త తగ్గించండి, జారుతుంది. పూర్తిగా తీసేయండి, దేని దారి దానిది. క్లచ్చులో ఉన్న రహస్యమంతా ఇదే. మనవాళ్ళు "హాఫ్ క్లచ్చు" అంటారే, అది ఆ మధ్య జారుడు అన్నమాట.

ఇంజను పక్కన గుండ్రటి మూత లోపల గిన్నెలాంటి హౌసింగు ఉంటుంది. దాన్ని ఇంజను తిప్పుతుంది. అందులో రాపిడి పలకలూ, ఉక్కు పలకలూ ఒకదాని మీద ఒకటిగా, అట్ల దొంతరలాగా పేర్చి ఉంటాయి. రాపిడి పలకల అంచు చెవులు గిన్నె గాడుల్లో కూర్చుంటాయి. ఉక్కు పలకల లోపలి పళ్ళు మధ్యనున్న హబ్బుకి పట్టి ఉంటాయి. హబ్బు గేర్లను తిప్పుతుంది. ఈ దొంతరను పైనుంచి ప్రెజరు ప్లేటు అనే మూత, దాన్ని నాలుగో అయిదో స్ప్రింగులు అదిమి ఉంచుతాయి. మనం లీవరు నొక్కితే క్లచ్చు వైరు లాగి, ఆ మూతను వెంట్రుకవాసి పైకి లేపుతుంది. అంతే, పలకలు విడిపోతాయి. ఇదంతా నూనెలో మునిగే జరుగుతుంది. నాలుగు స్ట్రోకుల బండిలో ఇంజను నూనె, గేర్ల నూనె, క్లచ్చు నూనె అన్నీ ఒకటే. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన ఆర్ఎక్స్ 100 లాంటి రెండు స్ట్రోకుల బండ్లలో మాత్రం క్లచ్చుకీ గేర్లకీ వేరే నూనె ఉంటుంది.

ఇక జబ్బుల సంగతి. క్లచ్చుకి ముఖ్యంగా రెండే జబ్బులు. మొదటిది జారడం. ఆక్సిలరేటరు తిప్పితే ఇంజను గోల పెరుగుతుంది గాని బండి వేగం పెరగదు. పై గేరులో, ఎత్తు ఎక్కేటప్పుడు, వెనకాల మనిషి ఉన్నప్పుడు ఇది బాగా తెలుస్తుంది. కాలిన వాసన కూడా రావచ్చు. రెండోది విడవకపోవడం. లీవరు పూర్తిగా నొక్కినా బండి ముందుకి పాకుతూనే ఉంటుంది, న్యూట్రలు పడదు, గేరు వేస్తే కటకటమంటుంది. ఈ రెంటినీ కలగాపులగం చెయ్యకూడదు. ఒకదానికి మందు రెండోదానికి విషం. జారేదానికి వైరు కొంచెం వదులు చెయ్యాలి, విడవనిదానికి బిగించాలి. మెకానిక్కు దగ్గరికి వెళ్ళి "క్లచ్చు బాగా లేదు" అనకండి. "జారుతోంది" అనో, "విడవడం లేదు" అనో చెప్పండి. డాక్టరు దగ్గర "ఒంట్లో బాగాలేదు" అనడానికీ, "రాత్రి నుంచి జ్వరం" అనడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే.

జారే క్లచ్చు చిన్న విషయమేం కాదు. ఘాటు రోడ్డు మీద లారీని దాటుతున్న పిల్ల, వేగం అందుతుందనుకుని ఆక్సిలరేటరు తిప్పితే, ఇంజను కేక పెట్టి బండి ముందుకు పోకపోతే ఏమౌతుందో ఆలోచించండి. అందుచేత ఖర్చుకి వెనకాడి అశ్రద్ధ చేయమని నేను చెప్పడం లేదు. కాని మార్చాల్సింది ఏదో తెలిసి మార్చమంటున్నాను.

మొదట ఖర్చులేని వాటిని చూడాలి. లీవరు చివర కొంత ఆట ఉండాలి. అంటే, లీవరును వేలితో మెల్లగా లాగితే బరువు తగిలే దాకా కొంచెం ఉత్తినే కదలాలి. చిన్న బండ్లకి సాధారణంగా లీవరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండికి ఎంతో దానితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. పలకలు అరిగేకొద్దీ ఈ ఆట తగ్గుతూ వస్తుంది. ఆట బొత్తిగా లేకపోతే లీవరు ముట్టుకోకపోయినా సగం నొక్కిపట్టినట్టే. పలకలు ఎప్పుడూ కొంచెం జారుతూ, జారుతూ కాలిపోతాయి. 

మా వీధిలో నర్సుగా పనిచేసే అమ్మాయి ఒకతె ఉంది. రాత్రి డ్యూటీకి స్పోర్ట్సు బైకు మీదే వెళుతుంది. ఫ్లైఓవరు ఎక్కుతుంటే బండి లాగడం లేదని షెడ్డులో చూపిస్తే, "ప్లేట్లు పోయాయి, మొత్తం సెట్టు మార్చి గట్టి స్ప్రింగులు వేయాలి" అన్నారట. ఆ అమ్మాయి "మూత విప్పకుండా ప్లేట్లు పోయాయని ఎలా తెలిసిందన్నా?" అని అడిగి, ముందు వైరు ఆట చూడమంది. ఆట బొత్తిగా లేదు. సరిచేశాక జారడం ఆగిపోయింది. నెల జీతంలోంచి పోవలసిన డబ్బు పర్సులోనే ఉండిపోయింది. ఆ ఒక్క ప్రశ్న అడగగలగడమే కావలసింది.

రెండోది వైరు. వైరు లోపల తుప్పు పట్టినా, పోగులు తెగినా లీవరు బరువెక్కుతుంది. దాన్ని చూసి స్ప్రింగుల తప్పనుకుంటారు. వైరు మార్చడం చవక. లీవరు దగ్గర వైరు చివర్న పోగులు లేచి కనబడితే ఇంక ఆలస్యం చేయవద్దు. నడిరోడ్డు మీద తెగితే బండిని ఇంటికి నెట్టుకొచ్చేది మీరే.

మూడోది నూనె. ఇది చాలామంది పట్టించుకోని విషయం. కార్ల నూనెల్లో కొన్నింట్లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. కారుకి అది మంచిదే, దాని క్లచ్చు నూనెలో మునగదు కదా! మన బండిలో అదే నూనె పోస్తే రాపిడి మీద బతికే క్లచ్చు జారడం మొదలుపెడుతుంది. జపాను వారు మోటారు సైకిలు నూనెలకు జాసో అని ఒక ప్రమాణం 1998లో పెట్టారు. సీసా మీద జాసో ఎం.ఏ. అని గాని ఎం.ఏ.2 అని గాని ఉంటే నూనెలో మునిగే క్లచ్చుకి తగినది. ఎం.బి. అని ఉంటే అది పొడి క్లచ్చు ఉన్న గేరులేని స్కూటర్లకు, మనకు కాదు. ఇంట్లో స్కూటరూ బైకూ రెండూ ఉంటే "మిగిలిన నూనె ఇందులో పోసేద్దాం" అనే పొదుపు ఇక్కడ పనికిరాదు.

ఈ మూడూ చూసినా జబ్బు తగ్గకపోతే అప్పుడు మూత విప్పాలి. విప్పాక కంటితో చూసి "అరిగిపోయింది" అంటే చాలదు, కొలవాలి. కొత్త రాపిడి పలక మందం సుమారు 3 మిల్లీమీటర్లుంటుంది. అరుగుదల హద్దు దానికన్నా మిల్లీమీటరులో పదో వంతులు రెండో మూడో తక్కువ, అంతే! వెర్నియరు పెట్టి నాలుగు చోట్ల కొలిస్తేగాని తెలియదు. ఉక్కు పలకలు వంకర తిరిగాయేమో చదునైన అద్దం ముక్క మీద పెట్టి, కింద సన్నని ఫీలరు గేజి దూర్చి చూస్తారు. 0.1 లేక 0.2 మిల్లీమీటరు దాటితే పనికిరావు. వేడికి నీలిరంగు తిరిగినవి కాలినట్టు లెక్క. స్ప్రింగులు కుదించుకుపోయాయేమో వాటి పొడవు కొలవాలి. ఒకటి పొట్టిదైనా మొత్తం జత మార్చాలి. ఒకవైపు నొక్కుడు తక్కువైతే మూత వంకరగా లేస్తుంది. గిన్నె గాడుల్లో పలకల చెవులు కొట్టుకుని గుంటలు పడతాయి. ఆ గుంటల్లో కొత్త పలకలు కూడా ఇరుక్కుని విడవవు. గుంటలు లోతుగా ఉంటే గిన్నె మార్చాల్సిందే. కొత్త పలకలు వేయించినా గేరు కటకట తగ్గలేదని వాపోయేవారు ఈ గిన్నెను ఒకసారి చూపించుకోవాలి.

సరే, మార్చడం అయింది. ఇకపోతే, "ఎలాగూ విప్పాం కదా, ఇంకా పై రకం వేయిద్దాం" అనే మాట. ఇక్కడ మనసులో ఉంచుకోవలసిన సూత్రం ఒక్కటే. క్లచ్చు పట్టు నాలుగింటి మీద ఆధారపడుతుంది. రాసుకునే ముఖాలెన్ని, రాపిడి ఎంత, స్ప్రింగు నొక్కుడు ఎంత, పలక వ్యాసం ఎంత. వీటిలో ఏది పెంచితే పట్టు ఆ మేరకు పెరుగుతుంది. 

గట్టి స్ప్రింగులు వేశారనుకోండి. 15 శాతం గట్టివైతే పట్టు 15 శాతం పెరుగుతుంది. కాని మన వేళ్ళ మీద బరువు కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఊరు దాటేలోగా ఎన్నిసార్లు క్లచ్చు నొక్కుతారో రేపు లెక్కపెట్టి చూడండి. చిన్న చేతులవాళ్ళకి మణికట్టు నొప్పి వస్తే, వాళ్ళు తెలియకుండానే లీవరు సగమే నొక్కి గేరు మారుస్తారు. దాంతో గేర్లూ చెడతాయి. "రేసింగు స్ప్రింగులు" అనే పేరు చూసి మురిసిపోవద్దు.

పలక ఒకటి ఎక్కువ వేస్తే? అయిదు రాపిడి పలకలుంటే రాసుకునే ముఖాలు 10. ఆరైతే 12. అంటే లీవరు బరువు పెరగకుండానే అయిదో వంతు పట్టు ఎక్కువౌతుంది. వినడానికి బాగానే ఉంది. కాని దొంతరలో చోటుండాలి. సన్నని పలకలు కావాలి. పైగా లీవరు కదిలినంత మేర ఖాళీని ఎక్కువ పలకలు పంచుకోవాలి గనక సరిగా విడవకపోయే ప్రమాదముంది. 

పలక మీది రాపిడి పదార్థం కూడా రకరకాలు. వెనకటి బండ్లలో బెండు వాడేవారు. ఇప్పుడు బంక పట్టించిన కాగితపు పీచు, దానిలో ఆరమిడు అనే గట్టి పీచు కలిపినవి వాడుతున్నారు. గట్టి పదార్థం వేడికి ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది గాని, కొన్ని మెత్తగా పట్టుకోవు, సిగ్నలు దగ్గర బండి తటాలున దూకుతుంది. రోజూ ఊళ్ళో తిరిగే బండికి కంపెనీ పలకలే హాయి.

ఇంకో మాట. కంపెనీవాళ్ళు క్లచ్చును ఇంజను బలం కన్నా కొంత ఎక్కువ పట్టు ఉండేలాగే తయారుచేస్తారు. ఇంజను మార్చనప్పుడు క్లచ్చు పట్టు ఎంత పెంచినా బండికి అదనపు వేగం రాదు. చేద తాడు లావుదైతే బావిలో నీళ్ళు పెరుగుతాయా? జారని క్లచ్చుకి ఇంకా గట్టి క్లచ్చు దండగ.

అయితే నిజంగా మెరుగైన మార్పు ఒకటి ఉంది. దానినే అసిస్టు అండ్ స్లిప్పరు క్లచ్చు అంటారు. ఇందాక చెబుతానన్న కొత్తరకం ఇదే. కవాసాకి నింజా 300లో ఇది ఉంది. ఆ బండి 2013లో మన దేశానికి వచ్చింది. 2018 ఆర్15లోనూ ఇది ఉంది. దీని హబ్బుకీ ప్రెజరు ప్లేటుకీ మధ్య ఏటవాలు మెట్లు చెక్కి ఉంటాయి. పచ్చడి సీసా మూత తలుచుకోండి. ఒకవైపు తిప్పితే బిగుస్తుంది, రెండోవైపు తిప్పితే వదులౌతుంది. ఇంజను చక్రాన్ని లాగుతున్నప్పుడు ఆ మెట్లు పలకలను తామే బిగిస్తాయి. అందుచేత మెత్తని స్ప్రింగులు సరిపోతాయి, లీవరు తేలికౌతుంది. వేగంగా పోతూ గబగబా గేర్లు దించినప్పుడు చక్రమే ఇంజనును తిప్పబోతుంది. మామూలు క్లచ్చుతో అప్పుడు వెనక చక్రం బిగుసుకుని గెంతుతుంది. తడి రోడ్డు మీద, ఘాటు మలుపులో అది ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. ఈ రకం క్లచ్చులో మెట్లు అప్పుడు రెండోవైపు పనిచేసి పలకలను కొంచెం జారనిస్తాయి. చక్రం రోడ్డును వదలదు. మణికట్టుకీ ప్రాణానికీ కూడా మేలుచేసే ఏర్పాటు ఇది. అంతమాత్రాన బ్రేకులకు బదులు మాత్రం కాదు.

దీన్ని పాత బండికి వేయవచ్చా? కుదిరిన చోట వేయవచ్చు. కాని పలకలొక్కటే తెచ్చి పెడితే రాదు. హబ్బు, ప్రెజరు ప్లేటు, స్ప్రింగులు, పలకలు ఒక కుటుంబంలా కలిసి రావాలి. గేరు ఇరుసు మీది గాడుల సంఖ్య కలవాలి, లోపల నొక్కే కడ్డీ పొడవు సరిపోవాలి, పైమూతకు తగలకుండా ఉండాలి. బండి పేరు ఒకటే కదా అని 149 సీసీ ఆర్15కి 155 సీసీ దాని భాగాలు వాటంతటవే సరిపోతాయని అనుకోవద్దు. పార్టు నంబర్లు పోల్చి, ఆ మార్పు ముందే చేసిన మెకానిక్కును అడిగి, అప్పుడు కొనండి. బండి ఇంకా వారంటీలో ఉంటే ఆ సంగతీ కనుక్కోండి. కొత్త బండి కొనే ఆలోచనే ఉంటే, ఈ క్లచ్చు కంపెనీనుంచే ఉన్నదాన్ని ఎంచుకోవడం సుఖం.

ఇక షెడ్డులో పని జరుగుతున్నప్పుడు గమనించవలసినవి కొన్ని చెబుతాను. కొత్త రాపిడి పలకలను బిగించే ముందు మంచి ఇంజను నూనెలో కొన్ని గంటలు నానబెట్టాలి. పప్పు నానకుండా రుబ్బితే పిండి ఎలా ఉంటుందో, పొడి పలకలు బిగిస్తే పని అలాగే ఉంటుంది, కాలతాయి కూడా. కొన్ని బండ్లలో ఒక పలక లోపలి వ్యాసం మిగిలినవాటికన్నా పెద్దది. దాని పక్కన సన్నని స్ప్రింగు చక్రం ఉంటుంది. విప్పిన వరసలోనే గుడ్డ మీద పేర్చుకోమనండి. సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే మరీ మంచిది. స్ప్రింగు బోల్టులు ఒకవైపు నుంచి వరసగా కాక, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. పక్కమూతకి కొత్త ప్యాకింగు వేయాలి. హబ్బు నట్టుకి ఎంత బిగువో పుస్తకంలో లెక్క ఉంటుంది, పానా పట్టిన చేతి బలం లెక్క కాదు. చివరికి వైరు ఆట సరిచేసి, బండి మిమ్మల్నే నడిపి చూడమనాలి. తీసేసిన పాత పలకలు మీకు చూపించమనండి. కొత్తవాటి పొట్లం మీది ధరా, పార్టు నంబరూ చూసి బిల్లు తీసుకోండి. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. పని తెలిసిన మెకానిక్కు ఇలా అడిగితే కోప్పడడు, సంతోషిస్తాడు.

ఆ తరవాత మన వంతు. సిగ్నలు దగ్గర గేరులో పెట్టి లీవరు నొక్కి నిలబడకండి, న్యూట్రలు చేయండి. నడిపేటప్పుడు వేళ్ళు లీవరు మీద బరువుగా ఆనించవద్దు. ఎత్తు మీద బండిని హాఫ్ క్లచ్చుతో ఆపి ఉంచవద్దు, అందుకు బ్రేకుంది. ఈ మూడూ పాటిస్తే పలకలు చాలాకాలం వస్తాయి.

కుట్టుమిషనుకి నూనె వేయడం, సూది మార్చడం, కుట్టు వదిలితే ఎక్కడ సర్దాలో చూసుకోవడం మనకెవరూ కళాశాలలో నేర్పలేదు. అవసరం నేర్పింది. క్లచ్చు అంతకన్నా బ్రహ్మవిద్యేమీ కాదు. ఈ ఆదివారం బండి లీవరు చివర ఎంత ఆట ఉందో ఒక స్కేలు పెట్టి కొలిచి చూడండి. మీ అమ్మాయిని కూడా పక్కన నిలబెట్టుకుని మరీ చూడండి.